చూపించాల్సిన కాలు

అల్లూరు మండలంలో సముద్రం ఒడ్డునున్న ఒక పాళెంలో స్వర్ణ చేపలు ఎండబెడుతుంది. పెళ్లయిన కొత్తలో గంప నెత్తిన పెట్టుకుని అల్లూరు వీధులు తిరిగి అమ్మేది. కూతురు సుగుణ పుట్టాక ఎడమకాలికి బోదకాలు వచ్చింది. వాపు మోకాలిదాకా ఎక్కేసరికి గంప దించేసి, ఇసుకలో కూర్చుని చేసే పనికి మళ్లింది.

ఆ జబ్బు రాకుండా ఏటా ఇంటింటికీ మాత్రలు పంచుతారు. ఏ జబ్బూ లేనివాళ్లు కూడా మింగాలి. జనానికి ఎక్కనిది అదే. "మాకేం రోగమని?" అంటారు. లేదా అన్నం తిన్నాక వేసుకుంటామని తీసుకుని చూరులో దోపేస్తారు. ఆశ కార్యకర్త సాయిలక్ష్మి గొంతు పోయేలా చెప్పినా అంతే.

ఆ ఏడు నెల్లూరు నుంచి హరినాథ్ అనే అధికారి వచ్చాడు. జనం చేత మాత్రలు మింగించే ఉపాయాలు వెతకడమే ఆయన పని. పక్కింటిని చూసి పక్కిల్లు కదులుతుందని, మింగిన ఇంటి తలుపుకు పచ్చ స్టిక్కర్ అంటించాడు. కొంత పనిచేసింది. స్వర్ణ వీధిలో మాత్రం స్టిక్కర్ లేని తలుపే లేదు.

"ఇక్కడేంటి ప్రత్యేకం?" అని అడిగాడు.

"పొద్దున లేస్తే స్వర్ణక్క కాలు కనపడతాది గదా సార్," అంది సాయిలక్ష్మి.

హరినాథ్ నేరుగా స్వర్ణ దగ్గరికి వెళ్లాడు. "మా మాటలకు జనం కదలరమ్మా. మిమ్మల్ని చూస్తే కదులుతారు. మిగతా ఊళ్లకూ రండి."

తనకొచ్చింది ఇంకొకరికి రాకూడదని ఆమె ఒప్పుకుంది. ఆటోలో తీసుకెళ్లి, రచ్చబండ దగ్గర కుర్చీ వేసేవారు. ఆమె చీర అంచు మోకాలిదాకా ఎత్తేది. జనం చూసేవారు, మాత్ర మింగేవారు. మొదట్లో ఆమెకు సంతోషమే. తర్వాత ఎక్కడికెళ్లినా "కాలామె వచ్చింది" అనే మాట వినిపించసాగింది. ఆమె పేరు ఎవరూ అడగలేదు.

ఒకరోజు రానంది. సాయంత్రానికి సాయిలక్ష్మి వచ్చింది. "సగం మాత్రలు కాలవలో పోసినారక్కా. నువ్వు రాకపోతే ఎవురూ మింగరు." స్వర్ణ మర్నాడు ఆటో ఎక్కింది.

ఆ ఆటో ఆరోజు సుగుణ చదివే హైస్కూలు ముందు ఆగింది. ముందుగా ఎవరూ చెప్పలేదు. పిల్లలందరూ వరుసల్లో కూర్చున్నారు. పదో తరగతి వరుసలో సుగుణ తల వంచుకుని ఉంది. చీర అంచు పట్టుకున్న స్వర్ణ చెయ్యి కదల్లేదు.

"చూపించండమ్మా," అన్నాడు హరినాథ్.

"ఈడ వద్దు సార్. నోటితో చెప్తా."

మీ వయసులో నా కాళ్లూ మీ కాళ్లలాగే ఉండేవి, పరుగెత్తేదాన్ని అని చెప్పింది. వెనకవాళ్లకు వినపడలేదు. చాలామంది మాత్రను జేబులో వేసుకున్నారు.

ఇంటికొచ్చి సుగుణ పుస్తకాల సంచీ విసిరేసింది. "మా ఇస్కూలికి నువ్వెందుకొచ్చినావు?"

స్వర్ణ వంగి పుస్తకాలు ఏరింది. ఆ పిల్లే మళ్లీ, "అందరూ గోడవతల పారేసినారు. చూపించుంటే మింగేవాళ్లేమో," అని ఏడ్చింది.

"నువ్వు?"

"మింగినా."

మర్నాడు హరినాథ్ మళ్లీ అదే బడికి రమ్మన్నాడు. "నేను ఇంట్లో ఉండిపోనా?" అంది సుగుణ. స్వర్ణ సరేనంది. ఆ పూట బడిలో చీర అంచు ఎత్తి, కిటికీ వైపు చూస్తూ నిలబడింది. టీచర్లు నీళ్లు పోస్తుంటే ఒక్కొక్కరే మింగి వెళ్లారు. ఒక్క మాత్రా మిగల్లేదు.

"చూశారా అమ్మా!" అన్నాడు హరినాథ్ ఆనందంగా. వచ్చే ఏడు పక్క మండలానికి కూడా రావాలన్నాడు. ఆయన మంచివాడు, చెప్పింది నిజం. అందుకే స్వర్ణ కాదనలేక తల ఊపింది.