తాత ఏమనుకున్నాడో

అనంతపురం సందుల్లో ఏ తోపుడుబండి మీదనైనా పచ్చి వేరుశనక్కాయలు ఉప్పునీళ్లలో ఉడుకుతుంటే, ఆ ఆవిరిలో కాయలను అంటుకున్న మట్టి వాసన కూడా కలిసి వచ్చి, కొనాలనుకున్న కూరగాయలు మరిచిపోయి నేను కళ్యాణదుర్గం పక్కన మా ఊరి ఇంటి పంచలోకి వెళ్లిపోతాను.

తొంభైల చివర్లో ఆ పంచలో ఎండాకాలమంతా విత్తనం కాయలు వలిచే సందడి ఉండేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చాటలు ముందేసుకుని వలుస్తుంటే, పిల్లలం గచ్చకాయలాడుతూ, దొంగిలించిన పప్పులకు బెల్లంముక్క జోడించి నములుతూ, మధ్యాహ్నం రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి తిని చల్లటి బండల మీదే నిద్రపోయేవాళ్లం. ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, నేతిలో తడిసిన పూర్ణం ఓళిగలు తిన్నాక ఇక అందరి కళ్లూ ఆకాశం మీదే. వాన పడితే తాత చేనికి పోయి, పిడికెడు మట్టి పిసికి, పదును చాలిందో లేదో చూసేవాడు. ఆయన సరేనంటేనే విత్తనం వేసే మా గొర్రు కదిలేది.

ఒక చలికాలం తాతకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. మిగిలింది ఒక్క ‘ఊఁ’. నీళ్లు కావాలన్నా ఊఁ, నేను గచ్చకాయల్లో గెలిచానని చెప్పినా ఊఁ. నాయనమ్మకు, అంటే మా జేజికి, ఆ ఊఁలన్నీ వేరువేరు మాటలుగా వినబడేవి. “పులుసులో ఉప్పెక్కువైందంటాండాడు,” “ఎనుము అరుస్తాంది, చూడమంటాండాడు” అని మాకు చెప్పేది.

ఆ ఏడు ఆరుద్ర కార్తెలో ఒక వాన పడింది. గట్టి వానా కాదు, తీసిపారేసేదీ కాదు. ఇంట్లో విత్తనం ఒక్కసారికే ఉంది, మొలక ఎండితే ఆ ఏటికి చేను బీడే. నాయన తెల్లారగానే చేనికి పోయి, మట్టి తెచ్చి తాత ఎడమచేతిలో పెట్టాడు. తాత మెల్లగా పిసికి, పిడికిలి బిగించి మబ్బు పట్టిన పడమటి దిక్కుకు ఎత్తాడు.

“ఇత్తనమెయ్యమంటాండాడు,” అంది జేజి.

“లేదమ్మా. పడమట మోడం ఇంగా ఉండాది, ఇంగో వాన పడేదాకా ఆగమంటాండాడు,” అని నాయన తాత వైపు తిరిగాడు. “ఎయ్యాల్నా నాయనా?”

“ఊఁ.”

“ఆగాల్నా?”

“ఊఁ.”

నాయన తల పట్టుకుని కూర్చున్నాడు. నేను జేజి కొంగు పట్టుకుని అడిగాను. “నీకెట్ల తెలుసు జేజీ? తాత ఏం చెప్పల్యా గదా.”

“మాటుండిన దినాల్లో మాత్రం చెప్పినాడా మే? ఆ పొద్దూ మొగం జూసే తెలుసుకుంటి, ఈ పొద్దూ అంతే.”

జేజిని కాదనలేక నాయన గొర్రు కట్టాడు. తాత మాత్రం సాయంత్రందాకా పిడికిలి విప్పలేదు. కడగడానికి జేజి చెంబుతో వస్తే చేతిని గుండెకు హత్తుకున్నాడు. వెయ్యమనీ కాదు, ఆగమనీ కాదు, ఆ మట్టిని వదలబుద్ధి కాలేదంతే అని నాకు అనిపించింది.

తర్వాత వాన మొహం చాటేసింది. మొలకలు వాడిపోయి, సగం చచ్చాక ఒక జల్లు పడి మిగిలినవి బతికాయి. సగం పంట ఇంటికొచ్చింది. “ఎయ్యకుంటే ఇదీ లేకపాయ, ఆయప్పకు తెలుసు,” అనేది జేజి. “ఆగమన్నాడు, మనమే ఇనల్యా,” అనేవాడు నాయన. తాత పోయాక కూడా, ఏళ్ల తరబడి అన్నాల దగ్గర ఈ వాదం నడిచేది. కోపం లేని ఆ వాదం సాగినంతసేపూ తాత తన మొండితనంతో సహా ఇంట్లోనే ఉన్నట్టుండేది. ఒకసారి ధైర్యం చేసి నేననుకున్నది చెప్పాను. మొదటిసారి వాళ్లిద్దరూ ఒకటై నవ్వారు. “కాదు మే, ఆయప్ప అట్లాటోడు కాదు,” అంది జేజి.

ఇప్పుడు జేజి లేదు, నాయనా లేడు. చేనిలో ఎవరిదో దానిమ్మతోట, నల్లటి పైపుల్లోంచి బొట్టుబొట్టుగా నీళ్లు. వాన సంగతి ఫోను చెబుతుంది. తాత ఏమనుకున్నాడన్నదానికి నా మాట ఒక్కటే మిగిలింది. ఇలా గెలవాలని నేనెప్పుడూ కోరుకోలేదు. తప్పని చెప్పేవాళ్లు లేకపోయాక, అది తాత మనసో నా మనసో నాకే తెలియడం లేదు. కాదు మే అని ఎవరైనా ఒక్కసారి అంటే బాగుండు.