పోశం మొదటి సిట్టింగు

కాలనీలో ఎవరింట్లో పెళ్లయినా పందిరి విషయంలో ఆఖరి మాట పోశంది. టెంటు హౌస్ వాళ్లు వచ్చి నిలబెట్టిపోయినా సరే, ఆయన గుంజ గుంజనూ ఊపి చూసి "ఇగ కూసోండ్రి" అంటేనే ఆడవాళ్లు పిల్లల్ని దాని కింద కూర్చోబెట్టేవారు. బొగ్గుబాయిలో ఆయన పనీ అలాంటిదే. సపోర్ట్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలపడం, బోల్టులు బిగించడం. పని మొదలుపెట్టే ముందు పొడుగాటి కడ్డీతో పైబండను తట్టి వింటాడు. గట్టి బండ ఒక తీరుగా పలుకుతుంది, వదులైంది డొల్లగా పలుకుతుంది. ఆ తేడా పట్టడంలో పోశం చెవి మీద బాయిలో అందరికీ గురి. "పోశం కాక సరే అన్నడా?" అని అడిగి గానీ కుర్రవాళ్లు ముందుకు అడుగు వేసేవారు కాదు.

అలాంటి మనిషి మొన్న వానాకాలం నుంచి ఇంట్లో అన్నం తినడం మానేశాడు. అన్నం మానలేదు, ఇంట్లో తినడం మానేశాడు.

జరిగింది చిన్నదేనని అందరూ అన్నారు. సెకండ్ షిఫ్టులో పని మధ్య కాసేపు కూర్చున్నవాడు నీళ్లు తాగుదామని లేచి పక్కకు పోయాడు. కూర్చున్న చోట బండ పడింది. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. భార్య సారలమ్మ మైసమ్మకు కోడిని కోసింది, తోటివాళ్లు మిఠాయి పంచారు, పోశం కూడా తిన్నాడు. ఆ తర్వాత డ్యూటీకి పోతే, ల్యాంప్ రూములో దీపం చేతికి తీసుకునేటప్పుడే అరచేతులు తడిసిపోవడం మొదలైంది. కడుపునొప్పి అన్నాడు, నడుము అన్నాడు, లీవు మీద లీవు పెట్టాడు. ఇంట్లోనూ స్లాబు కింద నిలవలేడు. ముందు మంచం వాకిట్లోకి వచ్చింది, తర్వాత కంచం వచ్చింది. ఒక మధ్యాహ్నం చినుకుల్లో గొడుగు పట్టుకుని తింటుంటే ఎదురింటి సమ్మవ్వ గేటు పట్టుకుని నిలబడి చూసింది.

"గొడుగు గూడ కప్పే గదరా పోశం. దానికి భయం లేదా?"

"గొడుగు మీదవడితె ఎవ్వడు సావడవ్వా," అన్నాడు పోశం, పప్పులో చినుకు పడకుండా కంచం ఇటు జరుపుకుంటూ.

సమ్మవ్వ నవ్వలేదు. నేరుగా వంటింట్లోకి పోయి సారలమ్మను పట్టుకుంది. "మా మనుమరాలు పరీక్షలంటె వణికేది సూడు. లక్ష్మీనగర్ల రాజకుమారి అని ఒక మేడం ఉన్నది, ప్రైవేటు. ఆమెకాడికి తోలినం. మందులియ్యదు, సూదులెయ్యదు. మాట్లాడిపిస్తది. పిల్ల మంచిగైంది. వీణ్ణి గూడ తీస్కపో."

అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఈ బొగ్గుబాయిల ఊళ్లో ఒక లెక్కుంది. పని చేయలేనంత జబ్బని డాక్టర్ల బోర్డు తేలిస్తే ఆ మనిషి 'అన్‌ఫిట్'. అప్పుడు ఆ నౌకరి కొడుక్కు వచ్చే వీలుంటుంది. అందుకే వయసు మళ్లిన కార్మికుడు ఏ డాక్టరు మెట్లెక్కినా, జబ్బేమిటని ఎవరూ అడగరు. కొడుకు ఏం చదివాడని అడుగుతారు. పోశం కొడుకు సంపత్ ఐటీఐ చదివాడు. ఇక చెప్పేదేముంది, సాయంత్రానికల్లా సారలమ్మ తమ్ముడు రఘుపతి బండేసుకుని దిగాడు.

"బావా, మంచి మోక దొరికింది. ఆ మేడం ఏమడిగినా యాదికి లేదను. పేరడిగితె గూడ జర్ర ఆలోచించు."

"నా పేరు గూడనా?"

"జర్రంతె. మొత్తం మర్సిపోకు, యాక్టింగని తెలుస్తది."

పోశం తలూపాడు గానీ ఆయన గుబులు వేరు. అన్‌ఫిట్ అనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. పడుచుతనం నుంచి దిగిన బాయి. ఇంకొక్కసారైనా మునుపటి పోశంలాగా దిగి, మునుపటి పోశంలాగా పైకి రావాలి. నిజం చెబితే ఆమె రాసేస్తుంది, రాసింది కంపెనీకి పోతుంది, ఇక ఎవరూ తనను దిగనివ్వరు. అందుకే బావమరిది నేర్పిన అబద్ధాన్ని పక్కన పెట్టి, దానికి తలకిందులైన అబద్ధం ఒకటి సొంతంగా తయారు చేసుకున్నాడు.

లక్ష్మీనగర్‌లో మేడం దగ్గర మెట్లెక్కితే ఒక గది, రెండు కుర్చీలు, చిన్న స్టూలు మీద మంచినీళ్లు. తెల్లకోటు లేదు. పోశం గుమ్మంలోనే చేతులు కిందికి చాపి నిలబడి తన పేరు, బాయి పేరు, చేసే పని గడగడా అప్పజెప్పాడు.

"నాకేం లేదు మేడం. మంచిగనె తింట, మంచిగనె పంట. మా ఇంటామె బలవంతం మీద వచ్చిన."

"కూసోండ్రి," అంది రాజకుమారి. నలభై దాటిన మనిషి. ఈ కాలనీల్లోనే పెరిగిందని మాటలోనే తెలుస్తోంది. "మిమ్మల్ని ఏమని పిలవాలె?"

బోర్డులో ఎవరూ అలా అడగరు. పోశం తడబడ్డాడు. "కాక అను బిడ్డా."

"కాకా, ముందుగాల నేను చెప్పేది ఇనుండ్రి. ఇది పరీక్ష గాదు. అన్నీ ఇయ్యాల్లనే చెప్పాలెనని గూడ లేదు. నేనడిగింది నచ్చకుంటె చెప్పనని అనుండ్రి. నాతోని కుదరకుంటె ఇంకొకల దగ్గరికి పోవచ్చు, నేనేం అనుకోను."

"చెప్పింది కంపెనీకి రాస్తవా?"

"రాయ. మీరు కావాలన్నప్పుడు తప్ప ఎవ్వలకు ఏం చెప్ప. పాణం మీదికొచ్చే ముచ్చటైతెనే ఇంటోళ్లకు చెప్త, అది గూడ ముందుగాల మీకు చెప్పినంకనె."

"మరి అన్‌ఫిట్టు?"

"నేను ఫిట్టు రాయ, అన్‌ఫిట్టు రాయ. గది నా పని గాదు."

రెండు అబద్ధాలు వెంట తెచ్చుకున్న మనిషికి రెండింటితోనూ పని లేకుండా పోయింది. ఆమె తొందర పెట్టలేదు, గడియారం చూడలేదు. ఫ్యాను తిరుగుతోంది. పోశం చూపు మెల్లగా ఫ్యాను దాటి పైకి పోయింది.

"పైకి చూస్తున్నరు," అంది ఆమె.

"ఏం లేదు. కట్టె ఏమన్న ఉన్నదా బిడ్డా?"

రాజకుమారి లేచి పోయి బూజు దులిపే కర్ర తెచ్చిచ్చింది. పోశం దాన్ని తిరగేసి పట్టుకుని, ఆ మూల నుంచి ఈ మూల దాకా స్లాబును తట్టాడు. తట్టినప్పుడల్లా కళ్లు మూసుకుని విన్నాడు. ఆమె కుర్చీ జరిపి దారిచ్చి పక్కన నిలబడింది.

"ఏమంటుంది కాకా?"

"గట్టిగున్నది. ఏనుగు నిలవడ్డా ఏం గాదు."

"అయితే కూసుందమా?"

పోశం కూర్చున్నాడు. అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ప్యాంటుకు తడి అంటింది. ఇన్నేళ్లలో చెవి సరే అన్నాక మనసు కాదన్నది లేదు. ఇవాళ చెవి సరే అంది, గుండె వినడం లేదు.

"భయమైతంది బిడ్డా," అన్నాడు. ఆ మాట తన నోట రావడం ఆయనకే కొత్త. "గట్టిగున్నదని తెల్సు. అయినా భయమైతంది. ఆ దినం గూడ కొట్టి చూసిన. గట్టిగనె పలికింది. దాని కిందనె కూసున్న."

భయపడొద్దని ఆమె అనలేదు. ధైర్యవంతులని పొగడలేదు. నీళ్ల గ్లాసు దగ్గరికి జరిపి "అప్పుడేమైంది?" అని మాత్రం అడిగింది. పోశం చెప్పాడు. మధ్యలో ఆగాడు, మళ్లీ చెప్పాడు. చెప్పాల్సింది ఇంకా ఉండగానే టైము అయిపోయింది.

"ఒక్కనాటితోని అయ్యేది గాదు కాకా, వారానికోసారి రాండ్రి. ఒక్కొక్కపారి ఇక్కడ మాట్లాడి పోయినంక మనసు ఇంకింత బరువైతది. గట్లయిందని ఆపకుండ్రి, వచ్చి చెప్పుండ్రి. నిద్రకు మందు కావాల్నంటె డాక్టర్ దగ్గరికి తోలుత."

"మల్ల బాయి దిగుతనా?"

"తెల్వది. తెల్వకుండ మాట ఇయ్య."

పోశంకు ఆమె మీద గురి కుదిరింది ఆ మాటతోనే. తట్టి చూడకుండా సరే అనని మనుషులంటే ఆయనకు నమ్మకం.

ఇంటికి వచ్చేసరికి రఘుపతి వాకిట్లో మంచం మీద కాచుకుని ఉన్నాడు. "ఏం చెప్పినవ్ బావా?"

"భయమైతందని చెప్పిన."

రఘుపతి తొడ చరుచుకున్నాడు. "శభాష్. నేను నేర్పినదానికంటె జబర్దస్తుగున్నది."

"యాక్టింగు గాదు. నిజంగనె అయితంది." పోశం చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. "నౌకరి నాది రఘుపతీ. దిగుడో దిగకపోవుడో నేను చెప్త. అప్పటిదాంక బోర్డు ముచ్చట తియ్యకు."

రఘుపతి అక్క వైపు చూశాడు. అక్క చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది, తలెత్తలేదు. యూనియన్ ఆఫీసులో పనుందని బండి తీశాడు.

బండి చప్పుడు సందు మలుపు తిరిగాక సారలమ్మ అడిగింది. "ఏమడిగింది ఆమె?"

"ఎక్కువేం అడుగలే. ఇన్నది."

"ఉత్తగ ఇన్నందుకె ఫీజా? నేను పెండ్లైనకాడికెళ్లి నీ మాట ఇనుకుంటనె ఉన్న, నాకేమిస్తవ్?"

"నీకు నేనెన్నడన్న ఏమన్న చెప్పిన్నా, ఇననీకె?"

సారలమ్మ చేతిలో కాయ ఆగింది. చాట పక్కన పెట్టి, వచ్చి మంచం ఆ అంచున కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు."

బండ పడ్డప్పుడు మొహాన కొట్టిన గాలి దగ్గర మొదలుపెట్టి పోశం చెప్పాడు. ఆమె మధ్యలో అయ్యో అనలేదు, దేవుడున్నాడు అనలేదు. ఆ పూట కూర కాలేదు. ఇద్దరూ పచ్చడి వేసుకుని తిన్నారు.