కింది అరల తలుపులకు చిల్లులు

పడమటి గోడ నాకు కావాలని ఈ ఇంట్లో నేను మొదటిసారి అడిగి తొమ్మిదేళ్ళయింది. అప్పటికి ఆ గోడకు సిమెంటు కూడా పూయలేదు. ఇటుకల ముందు నిలబడి, "ఇక్కడ కింది నుంచి పైదాకా పుస్తకాల అరలు కట్టిద్దాం, గోడలోనే కలిసిపోయేట్టు" అన్నాను. మా అబ్బాయి ఫోన్లో ఎవరితోనో టైల్స్ గురించి మాట్లాడుతున్నాడు. మా ఆవిడ కూలీలకు మజ్జిగ పోస్తోంది. కాదని ఎవరూ అనలేదు. సరేననీ అనలేదు. గృహప్రవేశం నాటికి ఆ గోడ మధ్యలో టీవీ బిగించి ఉంది.

ఆ తర్వాత అడిగిన ప్రతిసారీ "చూద్దాంలే" అన్నారు. చూద్దాంలే అంటే మా ఇంట్లో ఇంకోసారి ఆ మాట ఎత్తొద్దని అర్థం. నేను ఎత్తాను. ఉగాదికి ఎత్తాను, మనవరాలి పుట్టినరోజుకు ఎత్తాను, జ్వరమొచ్చి సెలైన్ ఎక్కుతున్నప్పుడు కూడా ఎత్తాను. "ముందు జ్వరం తగ్గనీ నాన్నా" అన్నాడు మావాడు. తగ్గింది. మళ్ళీ అడిగాను. చూద్దాంలే.

నేను గురజాలలోనూ ఆ తర్వాత నరసరావుపేటలోనూ కోర్టు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు మారిన ప్రతిసారీ సామాను తగ్గింది, పుస్తకాలు పెరిగాయి. ఈ కొత్త ఇంట్లో వాటికి దొరికిన చోటు మెట్ల కింద. మిరపకాయలు తొక్కే గోనె టిక్కీల్లో కుక్కి, మూతులు కుట్టేసి, పదకొండు టిక్కీలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఏ పుస్తకం కావాలన్నా కుట్టు విప్పాలి. విప్పగానే ఘాటుకు పది తుమ్ములు. గృహప్రవేశం నాడు మా బావమరిది వాటిని చూసి, నలుగురూ వినేట్టు, "పాత పేపర్లోణ్ణి పిలవాల్సింది బావా, ఇల్లు ఖాళీ అయ్యేది" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. ఆ రోజు ఆమె కట్టిన చీర రంగు కూడా నాకు గుర్తుంది. బావమరిదిది చిలకలూరిపేట. ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లో బస్సులో పోయాను గాని, ఆనాటి నుంచి ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగలేదు.

ఆ పదకొండు టిక్కీల్లో రెండు మా అమ్మవి. అమ్మ అయిదో తరగతి చదివింది. గురజాల నుంచి మా ఊరికొచ్చే బస్సులో వారపత్రిక వచ్చేది. అది ఇంటిల్లిపాదీ చదవడం అయ్యాక సీరియల్ పేజీలు మాత్రం జాగ్రత్తగా కోసి, ముడతలు పోవడానికి నాపబండ కింద పెట్టేది. సీరియల్ అయిపోగానే అన్నీ ఒకచోట చేర్చి నాన్న చేత బైండు చేయించుకునేది. ఎప్పుడైనా ఒక వారం పత్రిక రాకపోతే, ఊళ్ళో ఎవరి దగ్గరో అరువు తెచ్చి, ఆ భాగమంతా చేత్తో రాసి, ఆ పేజీలు వాటి చోట్లో పెట్టి కుట్టించేది. బొమ్మ కూడా తనే వేసేది. అమ్మ వేసిన కథానాయికలందరికీ ఒకటే ముక్కు, మా మేనత్త ముక్కు. అలాంటి బైండ్లు పంతొమ్మిది. పొడుగు, వెడల్పు, బరువు. మామూలు అల్మరాల్లో నిలబడవు. నేను గోడ అడిగింది అన్నిటికంటే ముందు వాటి కోసం.

మొన్నటి వానాకాలం మెట్ల కింద నుంచి మట్టి వాసన మొదలైంది. అడుగు టిక్కీ లాగితే గోనె చేతికొచ్చింది, పుస్తకాలు రాలేదు. లోపల తడిమన్ను. అందులో తెల్లగా, మెత్తగా ఏవో కదులుతున్నాయి. చెదలు. అమ్మ బైండ్లలో ఒకటి పూర్తిగా పోయింది. అట్ట మాత్రం మిగిలింది, అదీ వేలు పెడితే పొడి అయింది. ఆ మన్నంతా ఒక బొచ్చెలోకి ఎత్తి, తీసుకొచ్చి హాల్లో సోఫా ముందు కుమ్మరించాను. మనవరాలు కాళ్ళు పైకి తీసుకుంది. కోడలు కెవ్వుమంది.

"ఏందయ్యా ఇది? ఇల్లనుకున్నావా, పొలమనుకున్నావా?" అంది మా ఆవిడ.

"మా అమ్మ" అన్నాను.

మర్నాడే వడ్రంగికి ఫోన్ వెళ్ళింది. పుస్తకం పోయినందుకు కాదు. చెదలు సోఫాకు పడతాయని.

ఏ కారణమైతేనేం, గోడ వచ్చిందనుకున్నాను. టిక్కీలన్నీ వరండాలో విప్పి, పుస్తకాలను ఎత్తును బట్టి వరసలు పెట్టి, టేపుతో కొలిచాను. మామూలు పుస్తకానికి పది అంగుళాల అర చాలు. నిఘంటువులకు పన్నెండు. అమ్మ బైండ్లకు పదిహేను ఎత్తు, అడుగుంబావు లోతు. బల్ల పొడుగు రెండున్నర అడుగులు దాటకూడదు, దాటితే పుస్తకాల బరువుకు నడుం వంగుతుంది. మా అమ్మ ఇంట్లో గూళ్ళకు నాపబండలే వేశారు, అవి వంగవు. ఇక్కడా అవే వేయిద్దామన్నాను.

"హాలా, వంటగదా నాన్నా?" అన్నాడు మావాడు.

పల్నాట్లో పుట్టి నాపరాయిని చూసి సిగ్గుపడేవాణ్ణి అప్పుడే చూశాను. సరే, చెక్కే అన్నాను. అది నేను వదులుకున్న మొదటిది.

కోడలు ఫోన్లో ఏవో బొమ్మలు చూపించింది. పెద్ద తెల్లటి అరలు. ఒక్కో అరలో మూడు పుస్తకాలు, ఒక కుండీ, ఒక ఏనుగు బొమ్మ.

"మిగతా పుస్తకాలు ఏవమ్మా?"

"తక్కువుంటేనే లుక్ వస్తది మావయ్యా. అన్నీ కుక్కితే లైబ్రరీ లాగుంటది."

"నాకు కావాల్సింది అదే గదా!"

"పోనీ కలర్ ప్రకారం పెడదాం. ఎర్రవన్నీ ఒకచోట, పచ్చవన్నీ ఒకచోట."

మనసులో మాట చెప్పాలంటే ఆ అమ్మాయి వరండాలో నాతో పాటు కూర్చుని, తుమ్ముకుంటూనే, ఒక మధ్యాహ్నమంతా పుస్తకాలు తుడిచింది. ఆ పని ఇంట్లో ఇంకెవరూ చేయలేదు. అందుకే ఆ ఏనుగు బొమ్మలకు ఒక వరస ఇస్తానన్నాను. మావాడికి విత్తనాలూ పురుగుమందుల దుకాణం ఉంది. కంపెనీలు వాడికి ఇచ్చిన షీల్డులకు ఇంకో వరస. టీవీ ఎక్కడుందో అక్కడే. ఇవన్నీ పోగా మిగిలిన చోటు నాది.

ఎవరికీ అనుమానం ఉండకూడదని గోడ మీద సుద్దముక్కతో అరలన్నీ అసలు కొలతల్లో గీశాను. ఎవరో చుట్టాలొస్తున్నారని తడిగుడ్డ పెట్టి తుడిచేశారు. మళ్ళీ గీశాను, ఈసారి బొగ్గుతో. ఏ గడిలో ఏం పెట్టాలో కూడా రాశాను. కింద, తలుపులు రావలసిన రెండు పెద్ద గడుల్లో "అమ్మవి" అని రాశాను. జానెడేసి అక్షరాలు. ఇరవై రోజులు ఆ గోడ ముందే కూర్చుని అందరూ టిఫిన్లు తిన్నారు. చదవలేదని ఎవరూ అనడానికి లేదు.

వడ్రంగి మంచి పనివాడు. నా కాగితం చూసి తల గోక్కున్నాడు. "బల్ల వంగుద్దని మీరే చెబుతున్నారు బాబాయ్, ఇంక నాకేం పని? చానా ఏళ్ళ నుంచీ చేస్తన్నా. గాజు గ్లాసులకన్నారు, దేవుడికన్నారు, ఒకాయనైతే చేపల తొట్టికన్నాడు. పుస్తకాలకని మీరే!"

పని సగంలో ఉండగా నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. వారం రోజులు నల్లద్దాలు పెట్టుకుని లోపలి గదిలో ఉన్నాను. రంపం చప్పుడూ సుత్తి చప్పుడూ వింటూ, అమ్మ బైండ్లు ఏది ముందు, ఏది తర్వాత అని మనసులో పేర్చుకున్నాను. ఆ వారం ఈ ఇంట్లో నేను సంతోషంగా ఉన్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

అద్దాలు తీసి హాల్లోకి వచ్చేసరికి వడ్రంగి పాలిష్ పెడుతున్నాడు. అరలు గోడలో కలిసిపోయి ఉన్నాయి. కొలతల్లో పావంగుళం తేడా లేదు. కింద రెండు తలుపులు. ఆ తలుపులకు గుండ్రంగా, వేలు పట్టేంత చిల్లులు. అయిదు వరసలు, వరసకు ఆరు. కొత్త కంటికి ఒక్కో చిల్లూ వేరువేరుగా కనపడింది.

"ఇవేందిరా?"

"గాలి ఆడొద్దా బాబాయ్? లేకపోతే లోపల కంపు కొడతది."

"పుస్తకాలకు కంపేంది?"

"పుస్తకాలు పైన గదా. కింద చెప్పులన్నారు."

"ఎవరన్నారు?"

అతను గుడ్డముక్క మడిచాడు, మళ్ళీ విప్పాడు. "ఇంట్లోవాళ్ళే."

"ఇంట్లోవాళ్ళంటే ఎవరు? నేను ఇంట్లోవాణ్ణి కానా?"

"నన్ను ఇరికించొద్దు బాబాయ్. పదిరోజులు మీ ఇంట్లో టీ తాగినోణ్ణి" అని మళ్ళీ పాలిష్‌లో పడ్డాడు.

నేను అప్పుడే అడగాలనుకున్నాను. కంటికి మంచిది కాదు, కేకలు వేయొద్దని డాక్టరు చెప్పాడు. ఒక్క పూట ఆగాను. ఆ పూటలో చెప్పులు వచ్చేశాయి. గుమ్మం బయట ఎండకు పడి ఉండేవన్నీ లోపలికి వచ్చాయి. కోడలి ఎత్తుమడమల చెప్పులు, మనవరాలి స్కూలు బూట్లు, మా ఆవిడ గుడికి వేసుకెళ్ళేవి, స్నానాలగదికి వాడే రబ్బరువి. అన్నిటికీ ముందు మావాడి బూట్లు, దుకాణంలో పురుగుమందు ఒలికిన నేల తొక్కి వచ్చేవి. వంగి ఆ చిల్లుల దగ్గర ముక్కు పెట్టాను. మందు, చెమట, తడి సాక్సు, అన్నీ కలిసిన ఒక వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. నేను కొలిచిన పదిహేను అంగుళాల ఎత్తు బూట్లకు రెండు వరసలుగా సరిగ్గా సరిపోయింది. మధ్యలో ఒక బల్ల కూడా వేయించారు.

మనవరాలి కాలు నోటుబుక్కుకు తగిలితే చాలు, "సరస్వతే, కళ్ళకద్దుకో" అని మా ఆవిడే ఇంటి కప్పు ఎగిరిపోయేట్టు అరుస్తుంది. ముందు ఆమెనే అడిగాను.

"ఏమే, నువ్వేనా చెప్పింది?"

"నాకేం తెలుసు? ఎవరన్నా ఏందంట? గుమ్మం పక్కనే ఉందని పెట్టుంటారు. నీ పుస్తకాలకు పైనంతా ఖాళీయే గదా."

"పైన అమ్మవి పట్టవు. గోడ మీద రాశానా, లేదా?"

"రాశావులే. జానెడు అక్షరాలు. ఆ బొగ్గు పోవటానికి నా చేతులు అరిగినయ్."

కోడలు, "చిల్లులు డిజైన్ అనుకున్నా మావయ్యా" అంది. డిజైన్ అనుకున్న మనిషి మొదటి రోజే చెప్పులు ఎలా సర్దిందో చెప్పలేదు. మావాడు బూట్లు విప్పుతూ విన్నాడు. విని, వాటిని నా ఎదురుగానే ఆ తలుపు తీసి లోపల పెట్టాడు.

"ఒరేయ్, నువ్వా?"

"ఇప్పుడది తెలుసుకుని ఏం చేస్తావ్ నాన్నా? కావాలంటే వేరే చెప్పుల స్టాండ్ కొంటా, గొడవ ఆపు."

"కొను. ముందు ఎవరో చెప్పు."

"అబ్బా!" అని స్నానానికి పోయాడు.

ఆ స్టాండ్ కూడా రాలేదు. నాలుగు నెలలైంది. పై అరల్లో షీల్డులున్నాయి, ఏనుగులున్నాయి. పుస్తకం ఒక్కటి లేదు. పెట్టనని చెప్పాను, పెట్టలేదు. టిక్కీలు నా గదిలో మంచం చుట్టూ ఉన్నాయి. పడుకోవాలంటే వాటి మీదుగా ఎక్కాలి. "మొండితనం" అంటారు. "తాతయ్యా, తాతమ్మ పుస్తకాలు ఫొటోలు తీసి ఫోన్లో పెట్టుకోవచ్చుగా" అని మనవరాలికి కూడా నేర్పారు. ఇంటికొచ్చిన ప్రతివాడూ ఆ తలుపులు తీసి చూసి, "భలే ఐడియా, చెప్పులు కనపడకుండా" అంటున్నాడు. ఎవరి ఐడియా అని నేను అడిగితే మాత్రం అందరికీ ఏదో పని గుర్తొస్తుంది.

ఇది మీ ముగ్గురికే చెబుతున్నాను, తల్లికీ కొడుక్కీ కోడలికీ. మీరు రేపు చెప్పులన్నీ బయట పడేసినా, డెట్టాలు పెట్టి కడిగినా, అమ్మ పుస్తకాలు ఇక ఆ అరల్లో పెట్టలేను. ఆ చెక్క ఆ వాసన పీల్చేసింది. ఆ చోటు పోయింది. కాబట్టి చోటు కోసం అడగడం లేదు. తలుపులు మార్చమని కూడా అడగడం లేదు. మీ ముగ్గురిలో ఒకరు ఆ గోడ ముందు నిలబడి, "అమ్మవి" అన్న మాట చదివి, వడ్రంగిని పిలిచి, ఇక్కడ చెప్పులు పెడతాం, చిల్లులు పెట్టు అన్నారు. పక్కగదిలో నేను కళ్ళకు అద్దాలు పెట్టుకుని ఉన్నప్పుడు అన్నారు. మిగిలిన ఇద్దరూ విని ఊరుకున్నారు. అన్నది ఎవరు? అన్నప్పుడు, మిగిలిన పద్దెనిమిది బైండ్లూ ఎక్కడికి పోతాయని అనుకున్నారు? దుకాణానికి టైమైందనీ, టిఫిన్ చల్లారిపోతుందనీ, ఇప్పుడెందుకనీ అనొద్దు. ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. నేనూ కూర్చున్నాను. చెప్పండి.