సముద్రం వైపు ముక్కు

గవరయ్యకి సముద్రం పడదు. ఆ సంగతి బయటికి పొక్కకుండా వాళ్ల నాన్న నానా తంటాలు పడ్డాడు. శ్రీకాకుళం ఒడ్డు నుంచి సర్కారు తెచ్చి అండమాన్‌లో దింపిన చేపలవేట కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. వేట కోసమే తెచ్చారు, వేట కోసమే జాగా ఇచ్చారు. అలాంటి ఇంటి పెద్దకొడుకు, పడవ ఒడ్డు వదలకముందే కడుపులోది కక్కేస్తాడంటే తలెత్తుకోవడం ఎలా? ఏదో పేగుల్లో గాలి చేరిందని చెప్పుకొచ్చారు. పెళ్లయినా ఆ గాలి పోలేదు.

డకోటా విమానాలు వచ్చే ఆ రోజుల్లో విమానాల మైదానంలో గవరయ్యకి పని దొరికింది. నిలిపి ఉంచిన చిన్న విమానాలు గాలికి కదలకుండా నేలలో పాతిన ఇనపకొక్కేలకు తాళ్లతో కట్టాలి. నేల మీద ఉద్యోగం! భార్య నూకరత్నం సింహాచలం అప్పన్నకి కొబ్బరికాయ మొక్కుకుంది. "ఈ పని పోతే మళ్లీ పడవే మావా, గేపకముంచుకో" అని రోజూ అన్నం పెడుతూ చెప్పేది.

ఒకసారి అడవుల కొలతకని చిన్న విమానం వచ్చింది. దాని పైలట్ పెద్ద విమానాల దారికి హద్దుగా గీసిన తెల్లగీత పక్కనే, గీత వెంబడి, సముద్రానికి అడ్డంగా నిలిపి, తాళ్లు కట్టించుకుని వెళ్లిపోయాడు. గవరయ్య దాన్ని చూశాడు, మళ్లీ చూశాడు. మనసొప్పలేదు. వాళ్లలో పడవని ఒడ్డుకి లాగితే పొద్దుగూకేలోగా ముక్కు సముద్రం వైపు తిప్పాలి. పక్కకి తిరిగి పడుకున్న పడవ అంటే అలిగిన పడవ. మర్నాడు దానికి చేప పడదు. విమానం చేపలు పట్టదని గవరయ్యకీ తెలుసు. అయినా తాళ్లు విప్పాడు, తోక పట్టి తిప్పాడు, ముక్కు సముద్రానికి పెట్టి మళ్లీ కట్టాడు. అలక తీరింది. తోక మాత్రం తెల్లగీత దాటి పెద్ద విమానాల దారిలోకి వచ్చింది.

మర్నాడు పొద్దున డకోటా దిగింది. నేల మీద దాని ముక్కు ఆకాశానికి, తోక నేలకి ఉంటాయి; ఎదర ఏముందో పైలట్‌కి కనపడదు. అందుకే జెండాలు పట్టుకుని ముందు నడిచే మనిషిని పెట్టారు. ఆ మనిషి లక్ష్ముడు. రోజూ వచ్చే విమానమే కదా, దారి దానికి తెలీదా అని అతను టీకి వెళ్లాడు. డకోటా ఎడమ రెక్క చివర చిన్న విమానం తోకకి తగిలింది. తోక విరిగి తెడ్డులా వేలాడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దిగిన వాళ్లలో ఒకాయన, "ఇక్కడ ఇలాగే ఆపుతారా?" అని మర్యాదగా అడిగాడు.

విచారణకి కలకత్తా నుంచి అధికారి వచ్చాడు. డకోటా పైలట్ గీత చెరిగిపోయిందన్నాడు. గీత గీసేవాళ్లు రంగు ఇంకా ఓడ దిగలేదన్నారు. లక్ష్ముడు ఎండ కళ్లల్లో పడిందన్నాడు. టీ దుకాణంలో ఎండ ఎలా పడిందని ఎవరూ అడగలేదు. చివరికి అందరికీ నచ్చిన దోషి దొరికింది: గాలి. రాత్రి గాలి చిన్న విమానాన్ని తిప్పేసింది. గవరయ్య ఒక్కమాట అవునంటే చాలు.

"గాలి అని సెప్పీ మావా. దానికి నోరు నేదు, వొచ్చి కాదనదు" అని నూకరత్నం పంపింది.

అధికారి అడిగాడు: "గాలే తిప్పిందా?"

"గాలే సాబ్."

"అంటే నువ్వు కట్టిన తాడు ఊడిపోయింది. అంతేగా?"

గవరయ్య మొహం మారిపోయింది. "ఏ తాడు?"

"నీదే."

"నాను కట్టిన తాడు ఊడ్డమేటి సాబ్!"

లక్ష్ముడు బల్ల కింద కాలు తొక్కాడు.

"తొక్కకురా! మా తాత నేర్పిన ముడి సాబ్ అది. పడవ ముక్కలైపోద్ది గానీ ముడి ఊడదు. గాలీ నేదు, గీలీ నేదు. నానే ఇప్పేను, నానే తిప్పేను, మళ్లీ నానే కట్టేను. కావాలంటే వొచ్చి ఇప్పండి!"

అధికారి నిజంగానే వచ్చాడు. కొక్కేనికి బూటు తన్నిపెట్టి లాగాడు. ఇద్దరు గార్డులు లాగారు. తాడు వాళ్లని లెక్కచెయ్యలేదు. గవరయ్య వంగి, ఒక కొస పట్టి చిన్నగా గుంజాడు. ముడి విచ్చుకుంది. దీవికి వచ్చాక అధికారి నవ్వడం అదే మొదలు. "శభాష్, భయ్యా!" అన్నాడు.

పని పోలేదని తెలిసి నూకరత్నం కొబ్బరికాయ కొట్టేసింది. తర్వాత ఉత్తర్వు వచ్చింది. ప్రమాదానికి కారణం గాలి. అది అప్పటికే టైపు అయిపోయింది, మార్చడం కుదరదు. ఇంత గట్టి ముడి వేసే మనిషి విమానాల దగ్గర వృథా అవుతున్నాడు కాబట్టి, మెచ్చుకోలుతో సహా, చాతం రేవు నుంచి బంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీ పడవలో తిరుగుతూ, రేవు రేవుకీ దానికి తాళ్లు కట్టే పనికి బదిలీ.

"నీ ముడి నిన్నే కట్టీసింది కదా మావా" అంది నూకరత్నం.

ఏళ్లు గడిచాక కూడా చాతం జెట్టీకి ఫెర్రీ ఆనీ ఆనకముందే తాడు పట్టుకుని మొదట దూకేది గవరయ్యే. ఈ వయసులో ఎంత హుషారని కొత్తవాళ్లు మెచ్చుకుంటారు. ఆయన వాళ్లకి జవాబు చెప్పడు. నోరు తెరిచే పరిస్థితి కాదది. తాడు చుట్టి, ముడి వేసి, ఒకసారి గుంజి చూసుకుంటాడు. కదలదని నమ్మకం కుదిరాక, అప్పుడు వెళ్లి, పక్కన కక్కుతాడు.