సూదికింత జమైకా

కంపౌండర్ యేసుదాసుకు జమైకా పట్టుకుంది. దెయ్యం పట్టిన వాళ్లయినా అప్పుడప్పుడు తెరిపిన పడతారు. ఆయనకు ఆ వరమూ లేదు. మంథని మిషన్ దవాఖానకు కడుపునొప్పితో వచ్చినా, కాలు బెణికి వచ్చినా ముందు ఆ దీవిలో దిగి రావలసిందే.

"జమైకా ఎక్కడున్నది?" అనేవాడు సీసా ఊపుతూ.

"నాకేమెరుక సారూ, కడుపుల నొస్తున్నది."

"క్యూబా కింద. నాలుక చాపు."

ఆ పిచ్చి అంటించింది ఒక దొరసాని. మునుపు జమైకాలో పనిచేసిన ఆమె, మంథని నుంచి ఇంగ్లండుకు వెళ్లిపోతూ ఆ దేశ చరిత్ర పుస్తకం ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని బైబిలు పక్కన పెట్టుకున్నాడు. ఏది ఎక్కువ చదివాడో పాస్టరు గారు అడగలేదు.

నేతపని లక్ష్మీరాజానికి టీబీ అని తేలింది. రోజూ సూది, నెలల తరబడి. దగ్గు తగ్గగానే మానేసేవాళ్లే ఎక్కువ. వాళ్లు మళ్లీ నెత్తురు కక్కుకుంటూ వచ్చేవాళ్లు. అప్పుడు ఏ సూదీ పనిచేసేది కాదు.

లక్ష్మీరాజం సూది కంటే జమైకాకే ఎక్కువ భయపడ్డాడు. స్పెయిన్ వాళ్లు దిగారు, ఇంగ్లీషువాళ్లు వాళ్లను తరిమారు, ఆఫ్రికా బానిసలను ఓడల్లో తెచ్చి చెరకు తోటల్లోకి తోలారు. ఎండాకాలం వచ్చేసరికి దగ్గు పోయింది. ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంది. రేపటి నుంచి మానేద్దామనుకుంటూ ఆ పూట సూది వేయించుకున్నాడు.

"పోర్ట్ రాయల్ పట్నం," అన్నాడు యేసుదాసు దూది అద్దుతూ. "పట్టపగలు భూకంపం. ఇండ్లకు ఇండ్లు సముద్రంల పడ్డయి. ఒక షావుకారి కాళ్ల కింద నేల నోరు తెరిచింది. మనిషిని నిలువునా మింగింది."

"మింగి?"

"రేపు రా."

"మింగినంక ఇంకేముంటది సారూ, సచ్చిండు!"

"అట్లనే అనుకో."

మర్నాడు మగ్గం ఎక్కాడు. పోగు తెగింది. ముడేశాడు. మళ్లీ తెగింది.

"ఏందయ్యా, యాడున్నవ్?" అంది భార్య కమలవ్వ.

"వాడు సచ్చిండో బతికిండో చెప్తలేడు."

"ఎవడు?"

"షావుకారి."

"ఏ షావుకారి? మంచిర్యాలాయినెనా?"

"జమైకాయినె."

కమలవ్వ నుదురు కొట్టుకుంది. "టీబీ అంటుతదని దూరం పండుమన్నరు గని, గిది అంటుతదని ఎవ్వలు చెప్పకపాయిరి! పో, అడిగి రాపో."

అతను వెళ్లేసరికి యేసుదాసు, ముల్లు దిగిన రైతు అంతయ్య కాలికి కట్టు కడుతూ ఆ కథే చెబుతున్నాడు. "మళ్లొక్క కుదుపు. మింగిన నేలే మనిషిని సముద్రంల ఉమ్మింది. ఈదిండు. పడవోళ్లు పట్టుకున్నరు. అటెనుక నలభై ఏండ్లు బతికిండు."

లక్ష్మీరాజానికి ఒళ్లు మండింది. "గిదేం న్యాయం సారూ? ముల్లు గుచ్చుకున్నోనికి మొత్తం చెప్తివి. నన్ను నడుమల ఇడిస్తివి!"

"అంతయ్య రేపు రాడు. నువ్వు రావాలె," అన్నాడు యేసుదాసు సూదిలోకి మందు లాగుతూ.

వరండాలో సూది కోసం కూర్చున్న రిబ్కమ్మ పక్కామెతో అంటోంది: "నాకు తుఫాన్ల ఓడ ఒరిగేకాడ ఆపిండు. రాత్రంత నిద్రలే."

ఆ తర్వాత ఒక్క పూట మానలేదు. జమైకాలో బానిసలకు విడుదల వచ్చింది. లక్ష్మీరాజానికి బుగ్గలు వచ్చాయి. అరవై రెండు ఆగస్టులో జమైకాకు స్వాతంత్ర్యమే వచ్చింది. వరండాలో అందరూ చప్పట్లు కొట్టారు. యేసుదాసు ఒక్కడే దిగాలుగా నిలబడ్డాడు.

"కథ ఒడిసింది," అన్నాడు మెల్లగా. "మీ సూదులు దసరా దాక ఉన్నయి."

"నేనొస్త సారూ. కథ లేకున్న వస్త."

"నువ్వొస్తవ్. వాళ్లో?"

లక్ష్మీరాజం వరండా బల్ల మీద సూది కోసం కూర్చున్న వాళ్లను చూశాడు. వెళ్లిపోయి, మర్నాడు పత్రిక ఒకటి మడిచి పట్టుకొచ్చాడు. "ఈ నెలాఖరుకు ఇంకో దీవికి స్వరాజ్యమట. ట్రినిడాడట. జర చూడున్రి."

యేసుదాసు పత్రిక లాక్కుని కళ్లజోడు పెట్టుకున్నాడు. వరండాలోంచి రిబ్కమ్మ కేకేసింది: "సారూ, సూదేస్తవా లేదా?"

"ఆగవ్వా!" అన్నాడు తలెత్తకుండా. "దీన్ల యాడ ఆపాల్నో చూస్తున్న."