అత్తగారు ఆవలించని ఉత్తరం

నీళ్ళ కంపెనీలో ఉత్తరాలు రాసే కోడలిపిల్ల ఉద్యోగం ఊడిందనీ, అందుకే అత్తగారు రోజూ పొద్దున్నే వాకిట్లో నిలబెట్టి కడిగేస్తోందనీ వీధి వీధంతా కోడై కూసింది. ఉద్యోగం సంగతి ఒట్టి మాట. నిలబెట్టడం నిజమే గానీ, అత్తగారు కడిగేసింది ఉత్తరాన్ని.

గొట్టాలు మార్చడానికి ఒక పూట నీళ్ళు ఆపుతామని ఇంటింటికీ ఉత్తరం పంపాల్సి వచ్చింది. కోడలు నిండు పేజీ రాసింది. గౌరవనీయులైన వినియోగదారులకు నమస్కారాలతో మొదలుపెట్టి, కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు, గొట్టాల వయసు అన్నీ ఏకరువు పెట్టి, అసలు సంగతి అట్టడుగున పడేసింది. అంతదాకా చదివే ఓపిక ఎవరికుంది? ఆ పూట మూడు వీధులవాళ్ళు తలకు సబ్బు పెట్టుకున్నాక కొళాయి తిప్పి గుడ్లు తేలేశారు. వచ్చే ఉత్తరం కూడా ఇలాగే ఉంటే ఆమెను పాత ఫైళ్ళ గదికి మార్చేస్తానని మేనేజరు తేల్చి చెప్పారు. రాయడమంటే ఆమెకు ప్రాణం. ఇంటికొచ్చాక ముద్ద దిగలేదు.

అత్తగారికి చూపు ఆనదు. పొద్దున్నే వాకిట్లో నిలబెట్టి, రాసింది తనకు చదివి వినిపించమంది. మళ్ళీ నీళ్ళు ఆపడం గురించి రాసిన కొత్త ఉత్తరం కోడలు చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యానికే అత్తగారు ఆవలించింది.

"నిద్రొస్తోందా అత్తయ్యా?"

"లేదే. ఈ ముఖస్తుతి ఎందుకు? నేను బిందెలు ఎప్పుడు నింపుకోవాలో చెప్పు."

ఆవలించిన చోటల్లా కోడలు కొట్టేసింది. మర్నాడు మళ్ళీ చదివింది, మళ్ళీ కొట్టేసింది. క్షమాపణ ఒక్కటి తీసేయడానికి మాత్రం మనసొప్పలేదు, మర్యాదగా ఉండదని వాదించింది. సరే, చివర్లో ఉంచుకోమంది అత్తగారు. నాలుగో రోజుకు పేజీ కాస్తా మూడు వాక్యాలైంది. 'గురువారం ఉదయం ఆరు నుంచి పది వరకు మీ వీధికి నీళ్ళు రావు. బుధవారమే పట్టి ఉంచుకోండి. ఇబ్బందికి క్షమించండి.'

అప్పటికింకా శనివారమే. అయినా అత్తగారు వింటూనే లేచి బిందెలు తోమడానికి వెళ్ళిపోయింది.

ఆ గురువారం ఎవరింటా కేక వినపడలేదు. బక్కెట్లు, బిందెలు, ఆఖరికి టీ కప్పులు కూడా నిండుగా ఉన్నాయి.

అనుమానం తీరని పక్కింటి పెద్దమ్మ సాయంత్రం కోడలిని గేటు దగ్గరే ఆపి సూటిగా అడిగింది.

"నిజం చెప్పవే, నీ సీటు ఉందా, ఊడిందా?"

"ఉంది పెద్దమ్మా. ఇప్పుడు మేనేజరుగారు తన ఉత్తరాలు కూడా ఇచ్చి పంపిస్తున్నారు. అత్తయ్యే ఒప్పుకోవట్లేదు, ఆవలించీ ఆవలించీ దవడలు పట్టేస్తున్నాయట."