చెరిపేసిన వణుకు

ముప్పయ్యెనిమిదేళ్లుగా సీమోర్ గెల్ఫాండ్ క్వీన్స్‌లోని తన మూడో అంతస్తు గదిలో కూర్చుని ‘పిడుగుమనిషి’ కామిక్‌కు బొమ్మలు వేస్తున్నాడు. ఈలోగా అతడి జుట్టు రాలింది, భార్య పోయింది, కుడిచేతికి వణుకు పట్టుకుంది. పిడుగుమనిషికి మాత్రం ముప్పయ్యో ఏడు దాటలేదు. దాటనివ్వకూడదన్నది కంపెనీ నియమం. ముసలి వీరుణ్ని పిల్లలు కొనరట.

అందుకే, డెబ్బయ్యేళ్ల పిడుగుమనిషి కథ వేయమని కొత్త ఎడిటర్ కైల్ అడిగినప్పుడు సీమోర్ నమ్మలేకపోయాడు.

“ఒక్క షరతు సార్. అట్ట మీద ‘జరగడానికి వీలున్న ఒక భవిష్యత్తు’ అని వేస్తాం.”

“అంటే లెక్కలోకి రాదన్నమాట.”

“రాదు మరి. వచ్చే నెల ఆయన మళ్లీ కుర్రాడిగానే ఎగరాలిగా!”

రాకపోతే పోయిందిలే అనుకున్నాడు సీమోర్. గీత తిన్నగా రావడానికి ఆరేళ్లుగా మణికట్టును బల్లకు అదిమిపెట్టి వేస్తున్న మనిషి, ఈసారి చేతిని దాని మానాన వదిలేశాడు. ఎగరలేని వీరుడు, మంటల్లో చిక్కుకున్న ఆడమనిషి కోసం ఆరంతస్తుల మెట్లెక్కుతాడు. ప్రతి మెట్టూ, మెడమీది ప్రతి నరమూ పెన్సిలు గీతలో వణికాయి. ఇన్నేళ్లలో తాను అబద్ధమాడకుండా వేసిన పుస్తకం అదొక్కటే. అది అలాగే అచ్చుకావాలన్నదే అతడి కోరిక.

పెన్సిలు గీతల మీద సిరా దిద్దేది డొమినిక్ స్కాల్జో. ఇద్దరిదీ ముప్పయ్యేళ్ల జోడీ. పుటలతోపాటు ఏది ఎలా దిద్దాలో చీటీ రాసి పంపే అలవాటు వాళ్లకు ఏనాడూ లేదు. సీమోర్ ఈసారీ రాయలేదు.

పుస్తకం అచ్చయి వచ్చింది. మెట్లు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. వీరుడు తలకు పిండి రాసుకున్న పడుచువాడిలా ఉన్నాడు.

సీమోర్ ఆ పుస్తకం పట్టుకుని బ్రూక్లిన్‌లో డొమినిక్ ఇంటికి వెళ్లాడు.

“ఏం చేశావు డొమ్?”

“నీ ఉద్యోగం కాపాడాను! చెయ్యి బొత్తిగా పోయింది గురూ నీకు. సరిచేసేసరికి నా తల ప్రాణం తోక్కొచ్చింది. ఆ కుర్ర ఎడిటర్‌కి పొక్కనివ్వలేదులే.”

“కావాలనే అలా వేశాను.”

“చాల్లే, నా దగ్గరా? ఆరేళ్లుగా దిద్దుతున్నది నేనేగా!”

“ఆరేళ్లుగానా?”

“మరేంటి? మణికట్టు నొక్కిపెట్టి గీస్తావు, కాగితం వెనక గాట్లు పడతాయి. పైన గీతేమో వానపాములా మెలికలు. నాకు తెలీదనుకున్నావా?”

సీమోర్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. “నా పెన్సిలు గీతలేవీ?”

“సిరా ఆరగానే రబ్బరుతో తుడిచేశాను. ఎప్పటిలాగే.”

నిజం చెప్పిన పుస్తకమూ తనది కాదు, వణుకును గెలిచాననుకున్న ఆ ఆరేళ్ల గీతలూ తనవి కావు. ఎవరిని తిట్టాలి? ఎదురుగా ఉన్నవాడు తనకు మేలే చేశాడు.

“కాఫీ తాగు. వచ్చే నెల పుటలు ఎప్పుడు పంపుతావ్?”

“పంపను. నువ్వే వేసుకో డొమ్. ఇన్నాళ్లూ వేస్తున్నది నువ్వేగా.”

మరుసటి నెల సంచిక లోపలి పుటలో చిత్రకారుడిగా డొమినిక్ పేరు పడింది. బొమ్మల్లో ఏదో తేడా ఉందని ఒక్క పాఠకుడూ ఉత్తరం రాయలేదు.